దీన్ ఏది, పుకారు ఏది? 4వ పాఠం: ఎవరు చెప్పారు?

పోయిన పాఠం చివర మీకు ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లో “ఇది మన దీన్ (ధర్మం)” అనుకుంటూ చేసే పనుల్లో అయిదు రాసి, ఒక్కోదాని పక్కన అది మీకు ఎవరు చెప్పారో రాయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు అయిదు నిమిషాలు ఆగి రాయండి. ఈత లాగే ఇది కూడా నీళ్లలోకి దిగితేనే వస్తుంది.

నా కాగితంలో మొదటి మాట తేరా తేజీ. హైదరాబాద్ వైపు ముస్లిం ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఇస్లామీ కేలండర్‌లోని సఫర్ నెల మొదటి 13 రోజులు మంచివి కావని పెళ్లిళ్లు పెట్టుకోరు, కొత్త పని మొదలుపెట్టరు. పదమూడో రోజుకు ముందు రాత్రి గుడ్లు, నూనె తలగడ దగ్గర పెట్టుకుని, తెల్లారాక పేదవాళ్లకు ఇచ్చేస్తారు. మా దాదీ (నాన్నమ్మ) ప్రతి ఏడూ పెట్టేది. “ఎవరు చెప్పారు” అన్న చోట నేను రాసింది: దాదీ. దాదీకి వాళ్ల అమ్మ. ఆవిడకు? అక్కడ కాగితం ఖాళీ.

ఇప్పుడు ఇంకో పక్క చూడండి. దైవప్రవక్త (స) “దుశ్శకునం లేదు, సఫర్ లేదు” అన్నారని ఆయన సహచరుడు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు (దైవప్రవక్త మాటగా చేరిన మాట) ఇమామ్ బుఖారీ కూర్చిన గ్రంథం సహీహ్ బుఖారీలో ఉంది. ఇక్కడ “సఫర్” అంటే నెల కాదు, కడుపులో పురుగు గురించి అరబ్బులకు ఉన్న ఒక మూఢనమ్మకం అని చెప్పిన పండితులు కూడా ఉన్నారు. సరే, ఆ మాట పక్కన పెట్టినా “దుశ్శకునం లేదు” అన్న ముక్క మిగులుతుంది. మా దాదీ భయానికి అది చాలు. ఆవిడ గుడ్లు ఇవ్వడం తప్పు కాదు, దానం ఎప్పుడైనా మంచిదే. ఆ రోజులకు కీడు చేసే శక్తి ఉందన్న నమ్మకమే తప్పు. పనిని, దాని వెనక ఉన్న నమ్మకాన్ని ఇలా విడదీసి చూడడం అలవాటు చేసుకోండి. రాబోయే పాఠాల్లో చాలాసార్లు అక్కరకొస్తుంది.

సరే, దాదీ మాటకూ బుఖారీలో ఉన్న మాటకూ తేడా ఏమిటి? రెండూ ఒకరు ఇంకొకరికి చెప్పుకుంటూ వచ్చినవే కదా? నన్ను చాలామంది కుర్రవాళ్లు ఈ ప్రశ్న అడిగారు. మంచి ప్రశ్న. ఈ పాఠమంతా దానికి జవాబే.

హదీసులో రెండు భాగాలుంటాయి. చెప్పిన మాటను మత్న్ అంటారు. ఆ మాట ఎవరి నుంచి ఎవరికి చేరుతూ వచ్చిందో చెప్పే పేర్ల గొలుసును సనద్ అంటారు. మన తెలుగు పుస్తకాల్లో జాగా చాలక సనద్ తీసేసి చివరి పేరు ఒక్కటే వేస్తారు. అందుకే చాలామందికి గొలుసు ఒకటి ఉంటుందనే తెలియదు. బుఖారీలో మొట్టమొదటి హదీసు తీసుకుందాం: “కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయి.” దీన్ని ఇమామ్ బుఖారీకి హుమైదీ చెప్పారు. ఆయనకు సుఫ్యాన్ చెప్పారు. సుఫ్యాన్‌కు యహ్యా బిన్ సయీద్ అన్సారీ, ఆయనకు ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం తైమీ చెప్పారు. తైమీ ఈ మాటను అల్ఖమా బిన్ వఖ్ఖాస్ లైసీ నోట విన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ (మస్జిదులో ప్రసంగ వేదిక) మీద నిలబడి చెబుతుండగా అల్ఖమా విన్నారు. ఉమర్ దైవప్రవక్త (స) నోట విన్నారు. దైవప్రవక్త కన్నుమూసింది 632లో, బుఖారీ పుట్టింది 810లో. ఆ మధ్య కాలాన్ని దాటించినవాళ్లు ఆరుగురు. ఆరుగురికీ పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, వాళ్లు ఎలాంటివాళ్లో రాసిపెట్టిన పుస్తకాలున్నాయి.

మన ఇళ్లలో పిల్లకు సంబంధం వస్తే ఏం చేస్తాం? అబ్బాయి ఫోటో బాగుందని నిఖా పెట్టేసుకోం. వాళ్ల ఊళ్లో తెలిసినవాళ్ల చేత ఆరా తీయిస్తాం. మాట మీద నిలబడేవాళ్లా, అప్పులున్నాయా, చెప్పిన ఉద్యోగం నిజమేనా అని అడిగిస్తాం. హదీసు పండితులు గొలుసులోని ఒక్కొక్క ఉల్లేఖకుడి గురించి సరిగ్గా ఇలాగే ఆరా తీశారు. ఇతను ఆయన్ను నిజంగా కలిశాడా? ఇద్దరూ ఒకే కాలంలో బతికి, కలిసే వీలుంటే చాలని మరో హదీసు గ్రంథకర్త ఇమామ్ ముస్లిం అంటే, కలిసినట్టు రుజువు కావాలని బుఖారీ పట్టుబట్టారు. ఇతను అబద్ధాలాడతాడా? ఇతని జ్ఞాపకశక్తి ఎలాంటిది? తనకంటే గట్టివాళ్లు చెప్పినదానికి ఎదురు చెబుతున్నాడా? పైకి కనపడని లోపం ఏదైనా ఉందా? ఇవన్నీ దాటితేనే “సహీహ్” (ప్రామాణికం) అన్న మాట పడుతుంది. హదీసు పండితుడు ఇబ్నె హజర్ అస్ఖలానీ ఆరు ప్రధాన హదీసు గ్రంథాల్లోని ఉల్లేఖకులందరి గురించీ “తఖ్రీబుత్ తహ్జీబ్”లో ఒకటి రెండు వరుసల్లో తీర్పు రాసిపెట్టారు. ఆ శ్రమ తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోండి. మంచివాడు అయినంత మాత్రాన మాట చెల్లదు. ఈజిప్టులో ఖాజీగా చేసిన ఇబ్నె లహీఆ గొప్ప విద్వాంసుడు. ఆయన పుస్తకాలు కాలిపోయాక జ్ఞాపకం మీద చెబుతూ తడబడ్డారని విమర్శకులు రాశారు. అందుకని ఆయన ఉల్లేఖనాలను జాగ్రత్తగా చూస్తారు. ఇంకొకరు నూహ్ బిన్ అబీ మర్యమ్. ఖుర్ఆన్‌లోని ఒక్కొక్క సూరా (అధ్యాయం) చదివితే ఇంత పుణ్యం అంటూ హదీసులు అల్లారు. ఎందుకని అడిగితే, జనం ఖుర్ఆన్‌ను పట్టించుకోవడం లేదని, వాళ్లను మళ్లించడానికి చేశానని చెప్పినట్టు హదీసు శాస్త్ర గ్రంథాల్లో ఉంది. ఉద్దేశం మంచిదే. అయినా “నా పేరున కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో తన చోటు చూసుకోవాలి” అని దైవప్రవక్త (స) హెచ్చరించాక ఉద్దేశం మంచిదన్న సాకు నిలవదు.

“చైనా వెళ్లి అయినా విద్య నేర్చుకోండి” అన్న మాటను కూడా ఈ తక్కెడలోనే పెట్టాలి. సభల్లో, స్కూలు గోడల మీద, స్టేటస్‌లలో హదీసు అని ఎన్నిసార్లు చూశామో! దాని గొలుసులో అబూ ఆతికా అనే ఉల్లేఖకుడు ఉన్నాడు. అతని హదీసులు పనికిరావని బుఖారీయే అన్నారు. పండితుడు ఇబ్నుల్ జౌజీ ఈ మాటను కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చారు. మాట మంచిదే కదా, వదిలేయండి అంటారు. విద్య గురించి ఖుర్ఆన్‌లో మాటలకు కొదవ ఉందా? మంచి మాటను మంచి మాటగానే చెప్పుకోవచ్చు. దైవప్రవక్త అన్నారని మాత్రం చెప్పకూడదు.

ఇప్పుడు నిజమైన సరుకు మీద చేయి పెడదాం. మదీనా మస్జిదు సేవకుడు షేక్ అహ్మద్‌కు కల వచ్చిందనే ఉత్తరం మీలో చాలామంది చూసే ఉంటారు. వసీయత్‌నామా అంటారు. కలలో దైవప్రవక్త (స) కనిపించి, ఈమధ్య చనిపోయిన ఇన్ని వేల మందిలో ఒక్కరూ ఈమాన్‌తో (విశ్వాసంతో) పోలేదన్నారట. ఉత్తరాన్ని నకళ్లు తీసి పంచినవాడికి లాభం వచ్చిందట, నవ్వినవాడి కొడుకు చనిపోయాడట. నా చిన్నప్పుడు ఇది మా అబ్బా దుకాణానికి వచ్చింది. తమ్ముడికి అప్పుడు జ్వరం. అమ్మీ ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. తెల్లారి జిరాక్స్ షాపుకు పంపి 30 కాపీలు తీయించింది. ఆ డబ్బులు మందులకు ఉంచుకున్నవి. మీకు ఈ పాఠాలు రాయడానికి మూలం ఆ ఉదయమే.

గొలుసు అడగండి. షేక్ అహ్మద్ ఎవరు? ఏ ఊరివాడు, ఎవరి కొడుకు, ఎవరు చూశారు? జవాబు లేదు. ఈ ఉత్తరం నూరేళ్లకు పైగా తిరుగుతోంది, సేవకుడి పేరు మాత్రం మారదు, కలేమో ఎప్పుడూ నిన్నగాక మొన్న వచ్చినదే! సౌదీ పండితుడు షేఖ్ ఇబ్నె బాజ్ ఇది పచ్చి అబద్ధమని విడిగా రాశారు. మాటను చూసినా తెలిసిపోతుంది. ఎవరు ఈమాన్‌తో పోయారో అల్లాహ్‌కు తప్ప ఎవరికి తెలుసు? “ఈ రోజు మీ ధర్మాన్ని మీ కోసం పరిపూర్ణం చేశాను” అని ఖుర్ఆన్ (5:3) అన్నాక, ఒక కాగితం పంచకపోతే బిడ్డ పోతాడనే కొత్త చట్టం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక అభ్యంతరం తెస్తారు. “నన్ను కలలో చూసినవాడు నన్నే చూసినట్టు, షైతాన్ నా రూపం ధరించలేడు” అన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది కదా అని. ఉంది, నిజమే. కల చూశానని చెబుతున్న మనిషి నిజం చెబుతున్నాడని మాత్రం ఆ హదీసు హామీ ఇవ్వడం లేదు. నిజంగానే చూశాడనుకున్నా, ఎవరి కలా దీన్‌లో కొత్త నియమం చేర్చలేదని పండితులు స్పష్టంగా చెప్పారు.

బెదిరింపు, చిన్న పనికి కొండంత పుణ్యం, “ఇంతమందికి పంపు” అన్న షరతు. ఈ మూడింట్లో ఒక్కటి కనిపించినా ఆగండి. పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ 14వ శతాబ్దంలోనే కల్పిత హదీసుల గుర్తులు రాస్తూ, అల్పమైన పనికి అతి పెద్ద ప్రతిఫలం చెప్పడాన్ని వాటిలో చేర్చారు. రంజాన్ వచ్చిందని అందరికంటే ముందు చెప్పినవారికి నరకం నిషిద్ధమంటూ ఏటా తిరిగే మెసేజ్‌ను ఆయన చూసి ఉంటే ఒక్క చూపులో పట్టేసేవారు. కింద “సహీహ్ బుఖారీ” అని నంబరుతో సహా రాసి ఉన్నా నమ్మకండి. హదీసు గ్రంథాలుండే వెబ్‌సైటు సున్నహ్ డాట్ కామ్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. చాలాసార్లు అక్కడ వేరే హదీసు ఉంటుంది. అబూ దావూద్, తిర్మిజీ లాంటి గ్రంథాలకు సహీహ్, హసన్ (సహీహ్ తర్వాతి మెట్టు), జయీఫ్ అన్న తీర్పు కూడా పక్కనే ఉంటుంది. జయీఫ్ అంటే బలహీనం అని, కల్పితం అని కాదు. తేడా వచ్చే పాఠంలో చెబుతాను. అప్పటిదాకా జయీఫ్ చూసి ఎవరితోనూ వాదనకు దిగకండి.

ఇంకో జాగ్రత్త. నమాజులో ఆమీన్ గట్టిగా అనాలా మెల్లగా అనాలా లాంటి తేడాలకు రెండు వైపులా ఆధారాలున్నాయి. అవి ఇమామ్‌ల మధ్య ఉన్న అవగాహన తేడాలు. వాటి మీదకు ఈ తక్కెడ తీసుకెళ్లి మస్జిదులో గొడవ పెట్టుకోవద్దు. పెద్దవాళ్లతో అయితే మరీ మెత్తగా ఉండండి. నేను దాదీకి తప్పని చెప్పలేదు. “దాదీ, ఆ గుడ్లు ఈసారి రజబ్ నెలలో కూడా ఇద్దామా?” అని అడిగాను. ఇద్దామంది. రెండేళ్లకు, సఫర్‌లోనే ఎందుకివ్వాలని తనే అడిగింది.

వచ్చే పాఠానికి పని. మీ కాగితంలోని అయిదు మాటలకూ గొలుసు ఎక్కడ తెగిందో గీత గీయండి. తర్వాత ఈ రెండు మాటలను మీరే పరీక్షించండి. ఒకటి: గ్రహణం పట్టినప్పుడు గర్భిణి కత్తి పట్టుకుంటే బిడ్డకు లోపం వస్తుంది. రెండు: దైవప్రవక్త (స) కొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజు సూర్యగ్రహణం పట్టింది, ఆ చావు వల్లే పట్టిందని జనం అనుకున్నారు. రెండోదానికి జవాబు దైవప్రవక్తే చెప్పారు. బుఖారీలో గ్రహణాల అధ్యాయం తెరిచి, ఆయన ఏమన్నారో చేత్తో రాసుకోండి. ఆ మాటతో మొదటిదాన్ని తూచండి.