కిడ్నీ మార్పిడి తర్వాత వైరస్‌లను ముందే పట్టుకోవడం ఎలా

డిశ్చార్జ్ రోజే దాతకీ మీకూ చేసిన సీఎంవీ (సైటోమెగలో వైరస్) ఐజీజీ రిపోర్టులు, అంటే ఆ వైరస్ ఇంతకుముందు సోకిందో లేదో చెప్పే రక్తపరీక్షలు, అడిగి తీసుకుని ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టుకోండి. దాతకి పాజిటివ్, మీకు నెగటివ్ అయితే ముప్పు బాగా ఎక్కువ. అలాంటివాళ్లకి సీఎంవీని అడ్డుకునే మాత్ర వాల్‌గాన్‌సైక్లోవిర్ 100 రోజులు కాకుండా 200 రోజులు ఇస్తే సీఎంవీ జబ్బు చాలా తగ్గిందని 2010లో ఇంపాక్ట్ ట్రయల్ (రోగులపై చేసిన మందు పరిశోధన) తేల్చింది. మాత్ర ఖరీదే, కానీ డబ్బులకి ఇబ్బందైతే డాక్టర్‌కి చెప్పండి, మధ్యలో మీరే ఆపేయొద్దు. తెల్లకణాలు తగ్గొచ్చు కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క) పరీక్ష తప్పదు.

నాకు ఎక్కువ భయం బీకే వైరస్ అంటేనే. జ్వరం రాదు, నొప్పి ఉండదు, లోపల్లోపలే కొత్త కిడ్నీని తినేస్తుంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే మొదటి 9 నెలలు నెలనెలా, ఆ తర్వాత రెండేళ్లు నిండేదాకా 3 నెలలకోసారి రక్తంలో బీకే పీసీఆర్ (వైరస్ ఉందేమో చూసే పరీక్ష) చేయించాలని 2024 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. దీనికి నిరూపితమైన యాంటీవైరల్ లేదు, ఇమ్యూనిటీని అణిచే మందులు తగ్గించడమే వైద్యం. ఆ తగ్గింపు డాక్టరే చేయాలి, సొంతంగా చేస్తే శరీరం కిడ్నీని తిరస్కరించొచ్చు.

రక్తంలో ఇమ్యూనిటీని అణిచే మందు ట్యాక్రోలిమస్ లెవెల్‌కి పొద్దుటి డోసు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఉద్దానం నుంచి తెల్లారుజామున బస్సెక్కి విశాఖ వచ్చేవాళ్లు మాత్ర బ్యాగులో పెట్టుకుని, రక్తం ఇచ్చాకే వేసుకోండి.

ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే అంగీకార పత్రం తెలుగులో అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మీ వైద్యం ఆగకూడదు.