అహోబిలం కొండనడక: ముందు తిరుగువేళ, ఆ తర్వాతే దారి

అహోబిలం కొండలెక్కాలనుకునే వారు ముందుగా అడిగే ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు?" అన్నది. ఆ లెక్క అక్కడ పెద్దగా పనికిరాదు. ఎగువ అహోబిలం ఆలయం నుంచి జ్వాలా నరసింహస్వామి గుహ దాకా ఉన్నది నాలుగు కిలోమీటర్ల దారే అయినా, బల్లపరుపు నేల మీద గంటలోపు నడిచే ఆ దూరానికి ఇక్కడ రెండున్నర గంటలు పట్టవచ్చు. కాబట్టి కర్నూలులో బయలుదేరకముందే తేల్చుకోవలసిన సంగతి ఎంత దూరం వెళ్లాలన్నది కాదు, ఏ గంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది. ఆ ఒక్కటీ ఖాయం చేసుకుంటే మిగిలిన ఏర్పాట్లన్నీ దాని చుట్టూ కుదురుకుంటాయి.

కర్నూలు నుంచి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి సుమారు 25 కిలోమీటర్లు లోపలికి దిగువ అహోబిలానికి చేరాలి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక ఈ ప్రాంతం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది కానీ, మా పెద్దలు ఇప్పటికీ కర్నూలు జిల్లా అహోబిలం అనే అంటారు. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్ల ఘాట్‌రోడ్డు ఉంది. రైలులో వచ్చేవారు నంద్యాలలో దిగి బస్సు పట్టుకోవడం మేలు. నడకకు ముందురోజు మధ్యాహ్నానికే దిగువ అహోబిలం చేరి రాత్రి అక్కడే బస చేయాలి. తెల్లవారుజామున కర్నూలులో కారెక్కి, పదిన్నరకు కొండ మొదట నిలబడి, ఎండలో నడక ప్రారంభించే వారిని ప్రతిసారీ చూస్తుంటాను. వారి రోజు అప్పటికే సగం పోయి ఉంటుంది.

నవ నారసింహ క్షేత్రాలు, అంటే అహోబిలంలోని తొమ్మిది నరసింహ గుళ్లు, అన్నీ ఒకే దారిలో ఉండవు. ఈ సంగతి తెలియక ఒకే రోజులో తొమ్మిదింటినీ చుట్టేయాలనుకోవడం వల్లనే చాలా ప్రయాణాలు చెడిపోతాయి. ఛత్రవట, యోగానంద, భార్గవ క్షేత్రాలు దిగువ అహోబిలానికి రెండు మూడు కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. కానుగ చెట్టు పేరు మీద వెలసిన కారంజ నరసింహుడి గుడి ఘాట్‌రోడ్డు పక్కనే ఉంటుంది. పావన నరసింహుడి దగ్గరకు అడవిలో ఆరు కిలోమీటర్ల దాకా పోవాలి. జీపులు వెళతాయి గానీ, ఆ కుదుపులకు నడుము పట్టేసిన వారు మరునాడు కొండ ఎక్కలేరు. నిజమైన కొండనడక ఎగువ ఆలయం వెనుక భవనాశి ఏటి లోయలో ఉంది. వరాహ, జ్వాలా, మాలోల క్షేత్రాలు ఆ వైపునే ఉన్నాయి, అన్నిటికీ పైన, నరసింహుడు చీల్చుకొని వచ్చిన స్తంభమని భక్తులు నమ్మే కొండరాయి ఉగ్రస్తంభం నిలిచి ఉంది. కనుక రెండు రోజులు కేటాయించుకొని, మొదటి సాయంత్రం దిగువ క్షేత్రాలు, రెండవ రోజు పూర్తిగా భవనాశి లోయ అని పెట్టుకోవడం నా సలహా. పావన నరసింహుడిని నడక ముగిశాక చూడాలి తప్ప ముందు పెట్టుకోరాదు.

ఇక ఏ నెలలో వెళ్లాలన్నది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు గాలి చల్లగా ఉంటుంది, వంకల్లో నీరు సన్నగా పారుతుంటుంది. మార్చి దాటితే ఈ అడవి ఆకు రాలుస్తుంది. నీడ కరవవుతుంది, బండలు పెనంలా కాలుతాయి, చిన్న నిప్పురవ్వ చాలు కొండంతా అంటుకోవడానికి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది సంక్రాంతి తర్వాతి కాలం. కనుమ నాడు ఉత్సవమూర్తులు పారువేటకు, అంటే స్వామి వేట ఉత్సవానికి, బయలుదేరి చుట్టుపక్కల పల్లెలలో తిరుగుతూ, ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల ముందు తిరిగి వస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు అత్తవారి తరఫువారిని పెళ్లికి పిలవడానికి ఊరూరా తిరుగుతాడని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆ ఊరేగింపు ఏ పల్లెలో ఉందో కనుక్కొని వెళితే, నడకకు తోడు మరో మంచి సాయంత్రం దక్కుతుంది. స్వామి జన్మనక్షత్రమైన స్వాతి రోజున, బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం నడకకు వెళ్లరాదు. మెట్ల మీద అడుగు తీసి అడుగు వేయడమే కష్టమవుతుంది.

నడక రోజు కాలపట్టిక ఇలా వేసుకోవాలి. డిసెంబరులో సాయంత్రం ఐదూ నలభై ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు గానీ, లోయకు రెండు పక్కలా కొండగోడలు ఉన్నందువల్ల నాలుగున్నరకే కింద చీకటి ఛాయలు పరుచుకుంటాయి. అందువల్ల నాలుగు గంటలకు ఎగువ ఆలయం చేరుకోవాలన్న లెక్కతో వెనక్కి గుణించుకుంటూ రావాలి. ఉగ్రస్తంభం నుంచి దిగడం ఎక్కడం కంటే తేలిక అనుకోవడం పొరపాటు. మోకాళ్లకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఉదయం ఆరున్నరకు బయలుదేరి, తొమ్మిది గంటలకు జ్వాలా క్షేత్రం చేరి, పన్నెండు గంటలు కాగానే స్తంభం చేరినా చేరకపోయినా వెనుదిరగాలి. మాలోల క్షేత్రానికి, దాని దగ్గరలోని ప్రహ్లాద బడికి (ప్రహ్లాదుడు చదువుకున్నాడని చెప్పే గుహకు) తిరుగుదారిలో సమయం మిగిలితే వెళ్లవచ్చు. జ్వాలా క్షేత్రానికి తొమ్మిదిన్నర దాటాక చేరినవారు ఉగ్రస్తంభం ఆలోచన ఆ రోజుకు మానుకోవాలి.

ఈ నియమం నేను ఊరికే పెట్టుకున్నది కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు స్తంభం మీద జెండా కళ్ల ముందే కనిపిస్తుంటే ఇంకో పావుగంటే కదా అని ఎక్కుతూ పోయాము. ఆ పావుగంట గంటన్నర అయింది. దిగేటప్పుడు వెలుగు పోయి, బండల మీద వేసిన గుర్తులు కనిపించక, ఫోను వెలుతురులో కూర్చుని జారుకుంటూ దిగవలసి వచ్చింది. మా మేనమామ చెప్పు ఒకటి రాళ్ల సందులో పడిపోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

రాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నల్లమల కొండల్లో ఎక్కువగా కనిపించేది క్వార్ట్‌జైట్. ఇసుకరాయి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ గట్టిపడి ఏర్పడిన రాయి. అది అరగదు, పగుళ్ల వెంట పెట్టెలు పేర్చినట్టు పలకలుగా విడిపోతుంది. అందుకే దారి పొడవునా కోసుగా ఉన్న పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి ఆనుకొని ఉంటాయి, వాటిలో కొన్ని కాలు పెట్టగానే కదులుతాయి. రాయి మీద బరువు వేసేముందు పాదంతో ఒకసారి నొక్కి చూడాలి. మూడు కాళ్ల నడక అలవాటు చేసుకోవాలి, అంటే చేతికర్ర తప్పనిసరి. నడక మొదట్లో వెదురు కర్రలు అద్దెకు దొరుకుతాయి. వంక దాటేచోట ఆకుపచ్చగా మెరిసే రాయిని ఎంత చిన్నదైనా తొక్కరాదు, ఆ మెరుపు పాచిదే. అడుగున గాట్లు ఉన్న కాన్వాసు బూట్లు చాలు. కొత్తవి మాత్రం వద్దు.

వర్షాకాలంలో జ్వాలా క్షేత్రం ముందు పైనుంచి జలపాతం పడుతుంది, దాని కిందుగానే గుహకు వెళ్లాలి. ఆ దృశ్యం కోసమే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వచ్చేవారున్నారు. అలా రాదలచిన వారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: మీ నెత్తిన చినుకు పడకపోయినా పైకొండ మీద వాన కురిస్తే భవనాశి నిమిషాల్లో పొంగుతుంది. ఒకసారి మాకు దారి చూపిన చెంచు పెద్దాయన వంక మధ్యలో ఆగి, నీళ్లలో కర్ర ముంచి చూశాడు. అంతవరకు తేటగా ఉన్న నీటిలో ఎర్రమట్టి జీర, దానితో పాటు ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. "పైన మోడమేసింది నాయనా, ఇంగ ఏరు దాటేది వద్దు," అన్నాడు. మేము ఒడ్డెక్కిన కొద్దిసేపటికే, అంతకుముందు కాళ్లు పెట్టి వచ్చిన రాళ్లు మునిగిపోయాయి.

అందుకే ఉగ్రస్తంభానికి స్థానిక మార్గదర్శి లేకుండా వెళ్లవద్దు. కూలి ముందే మాట్లాడుకోవాలి, భోజనం కూడా మీతోపాటే పెట్టాలి. ఇది చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అడవి కనుక అటవీశాఖ సిబ్బందిని అడిగి, వారు అనుమతించిన దారి వెంటనే నడవాలి. కొండగోడలకు వేలాడే పెద్ద తేనెపట్ల కింద అత్తరు, పొగ, కేకలు మూడూ ప్రమాదమే. పాము కాటు వేస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం వంటివి చేయకుండా, ఆ మనిషిని నడిపించకుండా మోసుకొని దించి ఆసుపత్రికి చేర్చాలి.

సంచిలో మనిషికి మూడు లీటర్ల నీరు, ఉప్పు చక్కెర పొట్లం, టార్చిలైటు, ఒక జత మేజోళ్లు ఉండాలి. తిండి విషయంలో మా ఇంటి పద్ధతి వేయించిన బుడ్డలు (వేరుశనగలు), బెల్లం, చింతపండు పులిహోర. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. కోతుల ముందు సంచి విప్పకూడదు. జిప్పు లాగడం వాటికి వచ్చు, అరటిపండ్లు పైన పెట్టుకున్నవారు నాలుగో మెట్టు దగ్గరే వాటిని పోగొట్టుకుంటారు.

ముందురోజు సాయంత్రం దిగువ క్షేత్రాలు చూశాక సమయం మిగిలితే దిగువ ఆలయాన్ని నింపాదిగా చూడవచ్చు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కళింగ దండయాత్ర కాలంలో ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించిన సంగతి శాసనంలో ఉంది. ఆయన పేర చెప్పే జయస్తంభమూ ఇక్కడే ఉంది. చూసి త్వరగా బసకు చేరి నిద్రపోవాలి. పడుకునేముందు బస నిర్వాహకుడికి మీరు ఎందరు, ఏ దారిన వెళుతున్నారు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఎందుకంటే లోయలోకి దిగాక ఫోనును నమ్ముకోలేము.