యువతతో జీవ రక్షణ పాదయాత్ర: సిస్టర్ల ఇంటిదాకా ఎలా నడిపించాలి

నల్లగొండ వైపుగానీ, పాలమూరు వైపుగానీ ఒక విచారణ (ఒక చర్చి కింద ఉండే కతోలిక సంఘం) యువత ప్రో లైఫ్ పాదయాత్ర, అంటే గర్భస్రావం వద్దని చెప్పే యాత్ర, పెట్టుకుంటే, అందరూ మొదట బ్యానర్ మీద ఏం రాయించాలా అని కూర్చుంటారు. ముందు తేల్చుకోవాల్సింది అది కాదు, యాత్ర ఎక్కడ ముగియాలన్నది. కూడలిలో మైకు పట్టుకుని ముగిస్తే అది ర్యాలీ. సిస్టర్లు పసిపిల్లలనో, దివ్యాంగులనో, ఎవరూ లేని ముసలివాళ్లనో చూసుకుంటున్న ఇంటి గుమ్మంలో ముగిస్తే అది యాత్ర. కడుపులో బిడ్డ కూడా మనిషే అని రోడ్డు మీద వందసార్లు చెప్పినా పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఎక్కదు. ఇంట్లోవాళ్లు వద్దనుకున్న బిడ్డకు ఒక సిస్టర్ ఓపిగ్గా అన్నం తినిపించడం చూస్తే ఎక్కుతుంది. అందుకని ముందు కాన్వెంట్, తర్వాత తేదీ, ఆ తర్వాతే దారి. ఈ వరస తారుమారైతే చివరికి సిస్టర్ల దగ్గర పావుగంట మిగులుతుంది, అది ఫొటోలకే సరిపోతుంది.

సిస్టర్లను అడగడం

కనీసం ఆరు వారాల ముందు కాన్వెంట్ పెద్ద అయిన మదర్ సుపీరియర్‌కు ఉత్తరం ఇవ్వండి. దాని మీద విచారణ గురువుల సంతకం ఉండాలి. ఫోన్లో ‘వస్తున్నాం సిస్టర్’ అంటే సరిపోదు. ఎంతమంది వస్తారు, అందులో అమ్మాయిలెందరు, పద్దెనిమిది నిండనివాళ్లెందరు, ఎన్నింటికి చేరతారు, ఎన్నింటికి కదులుతారు, భోజనం ఎవరిది: ఇవన్నీ రాయాలి. భోజనం మేమే చూసుకుంటాం అని కూడా స్పష్టంగా రాయండి. అరవైమంది వస్తున్నారంటే ఆ ఇంట్లో నలుగురు సిస్టర్లు రెండు రోజులు వంటింట్లోనే ఉండిపోతారు, మీరు వినాలనుకున్న సాక్ష్యం, అంటే వాళ్లు తమ అనుభవం చెప్పడం, పొయ్యి దగ్గరే ఆగిపోతుంది.

కాన్వెంట్ గడియారం వేరు. తెల్లవారి ధ్యానం, దివ్యబలిపూజ (మాస్), సాయంత్ర ప్రార్థన వేళలు కదలవు. పిల్లల ఇల్లయితే మధ్యాహ్నం నిద్రవేళ కూడా అంతే. పదిన్నరకు చేరి సాయంత్రం నాలుగుకు కదిలేలా చూసుకోండి.

సాక్ష్యం చెప్పడానికి ఇద్దరు చాలు. ఒకరు నర్సుగానో, డిస్పెన్సరీలోనో కాన్పులు, గర్భిణులను చూసినవాళ్లు. ఇంకొకరు వయసు మళ్లిన సిస్టర్. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. కొందరిది మలయాళమో, తమిళమో కలిసిన తెలుగు ఉంటుంది, ఉండనివ్వండి. ప్రసంగం మీరు రాసిస్తే మాత్రం అది చదివిన పాఠమై చస్తుంది.

ప్రశ్నలు ముందురోజే పేరు లేని చీటీల మీద తీసుకోండి. ఎనిమిది ఏరితే చాలు. ‘మీరు సిస్టర్ ఎందుకయ్యారు’ అన్నది ఒక్కటి ఉంచి, మిగతావి పని మీదికి తిప్పండి: పెళ్లికాకుండా గర్భం వచ్చిన అమ్మాయి మీ గడప తొక్కితే మొదటి మాట ఏం మాట్లాడతారు? ఆమెను ఎవరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు? కాన్పయ్యాక ఆమె ఎక్కడ ఉంటుంది? ‘పిల్లలు వద్దని మఠంలో చేరిన మీకు మా పిల్లల సంగతి ఎందుకు’ అని ఒక చీటీ తప్పకుండా వస్తుంది. పెద్దవాళ్లు దాన్ని దాచేస్తారు. దాచకండి. బీదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులకూ (సిస్టర్లు చేసే ప్రమాణాలకూ) ఆ ఇంట్లో పెరిగే పిల్లలకూ ఉన్న సంబంధం బయటికి వచ్చేది ఆ ప్రశ్నతోనే. న్యూయార్క్‌లో 1991లో మొదలైన ‘సిస్టర్స్ ఆఫ్ లైఫ్’ సభవారైతే ఈ మూడింటికి తోడు మానవ ప్రాణాన్ని కాపాడతామని నాలుగో మాటపట్టు కూడా ఇస్తారు. మన దగ్గరి సిస్టర్లలో చాలామంది ఆ మాటపట్టు లేకుండానే ఆ పని చేస్తున్నారు.

సాక్ష్యం అయ్యాక ప్రసంగాలు వద్దు. అరగంట దివ్యసత్ప్రసాద ఆరాధన (ప్రతిష్ఠించిన అప్పం ముందు ప్రార్థన), అందులోనూ పాటలు రెండే. ఆ తర్వాత గంటసేపు పని: పదిమంది చొప్పున ఆరు జట్లు చేసి అంట్లు, బట్టలు, వాకిలి, కూరగాయలు తరగడం, తోటలో కలుపు అప్పజెప్పండి. పసిపిల్లల గదిలోకి సిస్టర్ పిలిస్తేనే, ఒకసారికి ఇద్దరు, చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్లాలి. జలుబు ఉన్నవాళ్లు వెళ్లకూడదు.

ఫోన్లు గేటు దగ్గరే ఒక సంచిలో వేయించండి. సంరక్షణలో ఉన్న పిల్లల ఫొటోగానీ, పేరుగానీ బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్ కూడా బయటపెట్టడమే.

కానుకలు సిస్టర్లు చెప్పిన జాబితా ప్రకారమే. డబ్బాపాలు మోసుకెళ్లే అలవాటు ఉంది కదా, 1992 నాటి చట్టం వాటిని అనాథాశ్రమానికి తప్ప ఎవరికీ ఉచితంగా ఇవ్వనివ్వదు, దారిలో తల్లులకు పంచడం అసలే కుదరదు. రాగిపిండి, పాత నూలు చీరలు, సబ్బులు, ఫినాయిల్ ఎక్కువ పనికొస్తాయి.

తేదీ

మార్చి 25 మంగళవార్త పండుగ. వాక్కు మరియమ్మ గర్భంలో మానవుడైన రోజు కాబట్టి అదే సరైన తేదీ అనిపిస్తుంది. రెండో జాన్ పాల్ పాపుగారు (పోప్) ప్రాణం విలువ గురించిన తన విశ్వలేఖను (సంఘమంతటికీ రాసే ఉత్తరాన్ని) 1995లో ఆ రోజే వెలువరించారు. కానీ మన దగ్గర అప్పటికి పది తర్వాత రోడ్డు కాలుతుంది, పరీక్షల కాలం కూడా. ఆ తేదీయే కావాలంటే తెల్లవారుజామున ఐదుకు కదిలి తొమ్మిదికల్లా చేరే పది, పన్నెండు కిలోమీటర్ల నడకే పెట్టుకోండి. రెండు రోజుల యాత్రకు హేరోదు రాజు చంపించిన పసిబిడ్డలను తలచుకునే డిసెంబర్ 28 మేలు. చలి ఉంటుంది, తారు కాలదు. ఆగస్టు 10న ఢిల్లీలో 2022లో మొదటి జాతీయ జీవ రక్షణ ప్రదర్శన జరిగింది, గర్భస్రావాన్ని అనుమతించే చట్టం 1971లో వచ్చిన తేదీ అది. మన దగ్గర ఆగస్టు అంటే వాన, బురద. ఆరోజు గుడిలో ఆరాధన పెట్టుకుంటే చాలు.

తప్పించాల్సినవి: ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడలో గుణదల మరియమాత ఉత్సవాలు, సగంమంది అక్కడే ఉంటారు. మాఘమాసంలో నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జాతర, రెండేళ్లకోసారి అదే మాసంలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర. వాటి రద్దీలో మీ వరస నిలవదు, పోలీసులకూ తీరిక ఉండదు. చెర్వుగట్టుకు అమావాస్య రాత్రుళ్లు కూడా జనం బాగా వస్తారు.

దారి

రోజుకు పదహారు కిలోమీటర్లు మించొద్దు. గుంపు నడక గంటకు మూడున్నర కిలోమీటర్లే, ఆగడాలతో కలిపి ఆరు గంటలు పడుతుంది. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద అసలు నడిపించకండి. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ ఇరవై కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ అద్దంకి వైపు లారీలన్నీ అటే పోతాయి. ఊళ్లను కలిపే ఆర్‌అండ్‌బీ, పంచాయతీరాజ్ రోడ్లే మంచివి. అక్కడ వేరే చిక్కు: వానాకాలం కోతల తర్వాత సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. యాత్రకు మూడు రోజుల ముందు బండి మీద దారంతా చూసి రండి. వడ్ల మీద కాలు పెట్టనివ్వకండి, రైతు తిడితే తప్పు ఆయనది కాదు.

పోలీస్ స్టేషన్‌లో పదిహేను రోజుల ముందే దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. దారి, ఊళ్లు, వేళలు, వాలంటీర్ల ఫోన్లు, మైకు అనుమతి ఒకే కాగితంలో అడగండి. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా మైకు నిషేధం. ఐదుకు బయల్దేరితే మొదటి గంట మైకు లేని జపమాలే. ఇద్దరేసి వరసలో, పోలీసులు చెప్పిన వైపు నడవాలి. ముందు, వెనుక ఎర్రజెండా, మెరిసే జాకెట్ వేసుకున్న ఇద్దరు. మైకు ఉన్న ట్రాలీ ఆటోను వరస మధ్యలో పెట్టండి. ముందు పెడితే వెనకవాళ్లు ‘పరిశుద్ధ మరియమ్మా’ అనేసరికి ముందున్నవాళ్లు తర్వాతి జపంలో ఉంటారు.

శనివారమైతే జపమాలలో వచ్చేవి సంతోష దేవ రహస్యాలే, అంటే యేసు పుట్టుక, బాల్యం ఘట్టాలు. రెండో రహస్యం, మరియమ్మ ఎలిజబెతమ్మను చూడబోవడం, ఈ యాత్రకు గుండెకాయ: గర్భిణి అయిన మరియమ్మ నడిచి వెళ్లింది, ఎలిజబెతమ్మ గర్భంలో బిడ్డ గంతులేశాడు. లూకా మొదటి అధ్యాయం 39 నుంచి 45 దాకా అక్కడ ఆగి చదివించండి. ఒక్కో జపమాలకు పాతిక నిమిషాలు, ఒకటిన్నర కిలోమీటరు. వరసగా రెండు జపమాలలైతే గొంతు పోతుంది. మధ్యలో అరగంట మౌనం పెట్టండి.

నినాదాలు తగ్గించండి. ‘హంతకులు’, ‘పాపులు’ అన్న మాటలుగానీ, ముక్కలైన పిండాల బొమ్మలుగానీ ఒక్కటి కూడా వద్దు. ఆసుపత్రి ముందు ఆగొద్దు. దేవరకొండ వైపు వెళ్తే ఇంకా జాగ్రత్త. ఆడశిశువులను అమ్ముతున్నారని 1990ల చివర, 2000ల మొదట్లో అక్కడి తండాల గురించి దేశమంతా రాశారు. ఆ తల్లుల పిల్లలు ఇప్పుడు మీ వయసువాళ్లే. తండాలోకి బోధించడానికి వెళ్లొద్దు, పెద్దమనుషులను అడిగి నీళ్లు తాగి, పిల్లలతో కూర్చుని రావచ్చు.

తిండి, నీళ్లు, కాళ్లు

అరవైమందికి ఒక పూట లెక్క: బియ్యం తొమ్మిది కిలోలు, పప్పుచారుకు కందిపప్పు రెండున్నర, కూరగాయలు ఎనిమిది. పొద్దున ఉప్మాకు రవ్వ ఐదు కిలోలు. దారిలో మోసేది పులిహోరే అయ్యుండాలి. పెరుగన్నం పదకొండుకల్లా పులిసి కడుపు చెడగొడుతుంది. పది లీటర్ల పెరుగుకు ముప్పై లీటర్ల నీళ్లు కలిపితే మనిషికి రెండు గ్లాసుల మజ్జిగ. నకిరేకల్ నిమ్మకాయలు అందుబాటులో ఉన్న జిల్లాలో సీసా డ్రింకులు కొనడం దండగ.

తాగునీళ్లు మనిషికి నాలుగు లీటర్ల చొప్పున ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు, పైన రెండు. దారిలో బోరునీళ్ల మీద ఆధారపడొద్దు. ఒక్కరోజు తాగితే ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వచ్చే ఎముకల జబ్బు) రాదు, కానీ ఉప్పదనానికి పిల్లలు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు నలభై. పెద్ద ప్యాకెట్ ఒక్కటి లీటరు నీళ్లకు, గ్లాసుకు కాదు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యని పానీయం దానికి బదులు కాదు.

కొత్త బూట్లు వేసుకొచ్చినవాళ్లకు ఆరో కిలోమీటరు దగ్గర బొబ్బలు లేస్తాయి. నెలనుంచి వాడుతున్న బూట్లు, నూలు సాక్సులు, రెండో జత సంచిలో. మడమ ఎర్రబడగానే తెల్ల పేపర్ ప్లాస్టర్ వేయాలి, బొబ్బ లేచాక కాదు. లేచినదాన్ని చిదమొద్దు. కాళ్లు పట్టేసినవాళ్లకోసం వెనక ఒక ఖాళీ ఆటో. దాన్లో ఎక్కినవాళ్లను ఎగతాళి చేయకూడదని ముందే చెప్పండి.

చెప్పుకోని బాధలు, చట్టం

అరవైమందిలో గర్భస్రావం జరిగిన అమ్మాయో, అక్కో, చేయించిన అబ్బాయో ఉండరనుకోవద్దు. ఉన్నారనుకునే ప్రతి మాటా మాట్లాడండి. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ఒక గురువుగారిని కాన్వెంట్ ప్రార్థనాలయంలో కనీసం రెండు గంటలు కూర్చోమనండి. ఈ పాపాన్ని మన్నించే అధికారం ఫ్రాన్సిస్ పాపుగారు 2016 నవంబర్‌లో గురువులందరికీ ఇచ్చారు. బిషప్ దగ్గరికి వెళ్లాలేమో అన్న పాత భయంతో వెనక్కి తగ్గేవాళ్లకు ఈ సంగతి ముందురోజే చెప్పాలి. ఎవరైనా మీ దగ్గర ఏడిస్తే సలహా ఇవ్వకండి, పక్కన కూర్చుని, ఆమె ఒప్పుకుంటే సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పద్దెనిమిది నిండని అమ్మాయి గర్భంతో ఉందని తెలిస్తే గుట్టుగా సర్దడం కుదరదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే దారి చూపుతారు.

బిడ్డను పెంచలేమన్న తల్లి దొరికితే ‘సిస్టర్లకు ఇచ్చేయండి’ అని చెప్పొద్దు. అప్పగింత బాలల సంక్షేమ కమిటీ ముందే జరగాలి, తల్లికి మనసు మార్చుకోవడానికి అరవై రోజులుంటాయి. మదర్ తెరెసా సిస్టర్లు 2015లో దత్తత పని నుంచే తప్పుకున్నారు, కాబట్టి ప్రతి కాన్వెంట్‌లోనూ దత్తత దొరుకుతుందనుకోవడం పొరపాటు. పుట్టేది ఆడపిల్లా, మగపిల్లాడా అని స్కానింగ్‌లో చెప్పే చోటు తెలిస్తే మాత్రం కలెక్టరేట్‌కూ, జిల్లా వైద్యాధికారికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

పద్దెనిమిది లోపువాళ్లందరికీ తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, రక్తం గ్రూపు, అలర్జీలు. రాత్రి బసలో అమ్మాయిలు సిస్టర్ల ఆవరణలో, అబ్బాయిలు బడి గదుల్లో. పదిమందికి ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒక్కరే పిల్లలతో విడిగా ఉండకూడదు.

తిరిగి వచ్చాక

పది రోజుల్లోపు యువతను మళ్లీ కూర్చోబెట్టండి. ఆ రోజు సిస్టర్లు అడిగిన పనుల జాబితా ముందు పెట్టి, నెలకో ఆదివారం ఎవరు వెళ్తారో పేర్లు రాయించండి. జట్టుకు నలుగురు చాలు, ఇరవైమంది వెళ్తే మళ్లీ అతిథులే అవుతారు. డీసీఎం బాడుగ, టెంట్ హౌస్ గిన్నెల లెక్క, మిగిలిన డబ్బు కాగితం మీద రాసి విచారణ గురువులకు అప్పజెప్పండి. మిగిలిన బియ్యం సంచి మాత్రం కాన్వెంట్‌లోనే దింపేసి రండి.