హెడ్‌లైట్ల సంరక్షణ - 3వ పాఠం: లోపల చెమ్మ పడితే

గత పాఠంలో బల్బు మార్చడం నేర్చుకున్నాం. ఆ పని చేశాక కొన్నాళ్లకే లెన్స్ (లైటు ముందుండే పారదర్శకమైన కవరు) లోపల మసక కనిపించిందంటే, చాలాసార్లు ఆ రెండింటికీ సంబంధం ఉంటుంది. అదేమిటో చూసే ముందు ఒక అపోహ వదిలించుకోవాలి.

హెడ్‌లైట్ అంటే గాలి చొరబడని డబ్బా అని చాలామంది అనుకుంటారు. లెన్సూ, వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టరూ, ఫిలమెంటూ అన్నీ కలిపి మూసేసిన పాతకాలపు సీల్డ్ బీమ్ లైట్లు అలా ఉండేవి. ఇప్పటి లైట్లకు గాలి ఆడేందుకు కావాలనే దారులు పెడతారు. ఒకదానికి వెనక ఎల్ ఆకారంలో వంగిన రబ్బరు గొట్టం ఉంటుంది, ఇంకోదానికి స్పాంజి ముక్క, మరోదానికి గాలిని పోనిచ్చి నీటిని ఆపే పల్చని పొర. 55 వాట్ల హాలోజన్ బల్బు వెలిగితే లోపలి గాలి వేడెక్కి ఈ దారుల్లోంచి బయటికి పోతుంది. ఆర్పేశాక చల్లబడి, బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. దాంతోపాటే తేమ కూడా వస్తుంది. గాలి 30 డిగ్రీల వేడితో, 70 శాతం తేమతో ఉందనుకుందాం. లెన్స్ సుమారు 24 డిగ్రీలకు చల్లబడిందంటే చాలు, ఆ తేమ లోపలి వైపు సన్నటి పొరలా పేరుకుంటుంది. వేడిగా ఉన్న లైటు మీద చన్నీళ్లు పడ్డా ఇదే జరుగుతుంది.

అందుకని మసక కనబడగానే టెన్షన్ పడొద్దు. లైట్లు వేసుకుని అరగంటో గంటో బండి నడపండి. మసక మెల్లగా పలచబడిపోతే ఆ లైటుకు ఏ రోగమూ లేదు, దాన్ని ముట్టుకోకండి. ఎల్‌ఈడీ లైట్లకైతే ఇంకాస్త ఓపిక పట్టాలి. వాటి వేడి ఎక్కువగా వెనకవైపు వేడిని లాగేసే లోహపు భాగంలోకి, అంటే హీట్ సింక్‌లోకి పోతుంది, లెన్స్ అంతగా వేడెక్కదు. అందుకే చెమ్మ ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది.

లోపల చుక్కలు కట్టి ధారలుగా జారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా సంగతి వేరు. అది లీకే.

లీకు వెతకాలంటే ముందు లైట్లు ఆర్పి బల్బు పూర్తిగా చల్లారనివ్వండి. జెనాన్ లైట్లయితే ఇక్కడే ఆగి మెకానిక్‌కు అప్పగించండి. అవి వెలగడానికి 20 వేల వోల్టులు, అంతకు పైన కూడా వాడతాయి, వాటితో ప్రయోగాలు వద్దు. హాలోజన్ అయితే బానెట్ ఎత్తి వెనక మూత చూడండి. బల్బు మార్చినప్పుడు తీసి పెట్టింది దీన్నే. రబ్బరు మూత అంచు చుట్టూ వేలితో నెమ్మదిగా తడుముతూ రండి. ఎక్కడో ఒకచోట అంచు లోపలికి మడతపడి ఉండటమో, వైరు దగ్గర కాస్త తెరుచుకుని ఉండటమో వేలికి తెలుస్తుంది. కంటికి సరిగ్గానే ఉన్నట్టు కనిపించే మూత కూడా వేలికి దొరికిపోతుంది. తీసి, తుడిచి, మళ్లీ కూర్చోబెట్టండి. రబ్బరు బిరుసెక్కి పగిలితే కొత్తది వేయండి. నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది, ఎక్కువమంది చూడకుండా వదిలేసేది ఈ మూతే.

తర్వాత గాలి గొట్టాలు చూడండి. ఊడిపోయాయా, మట్టితో పూడుకుపోయాయా? పూడుకుపోతే లోపలికి చేరిన తేమకు బయటికి దారి ఉండదు.

ఈ రెండూ బాగుంటే టార్చి పట్టుకుని లెన్స్‌లోకి ఏటవాలుగా చూడండి. ఆరిపోయిన నీరు సన్నటి తెల్లటి చారలు వదిలిపోతుంది. చారను కిందనుంచి పైకి వెతుక్కుంటూ వెళ్తే అది మొదలైన చోటు దొరుకుతుంది. నీరు దిగుతున్నది చాలావరకు ఆ చుట్టుపక్కలే, లెన్సూ ప్లాస్టిక్ గూడూ కలిసే అతుకులోనో, లెన్స్ మీది సన్నటి పగులులోనో.

ఇక ఆరబెట్టడం. మూతలు, బల్బు తీసి లైటును పొడి చోట తెరిచి ఉంచడమే మేలైన పద్ధతి. బల్బు గాజును వట్టి చేత్తో తాకకూడదన్నది గుర్తుంది కదా. తొందరైతే హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో పెట్టి, దూరంనుంచి వెనక రంధ్రంలోకి గాలి కొట్టండి. హీట్ గన్ మాత్రం వద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది. లోపల గుడ్డ పెట్టి తుడవడం ఇంకా పెద్ద పొరపాటు. రిఫ్లెక్టర్ మీద ఉన్నది చాలా పల్చని అల్యూమినియం పూత. ఒక్కసారి గీత పడితే ఆ మెరుపు తిరిగి రాదు.

తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు లోపల వేయమని సలహా ఇస్తారు. గాలి ఆడే గూటిలో అవి కొన్నాళ్లకే తేమతో నిండిపోతాయి, తర్వాత పనిచేయవు. పైగా జారి బల్బుకు తగిలితే మాడిపోతాయి. కొందరు అడుగున రంధ్రం వేస్తారు. నీళ్లు కారిపోతాయి నిజమే, కానీ ఆ దారినే దుమ్మూ బురదనీళ్లూ లోపలికి వస్తాయి. అన్నిటికన్నా నష్టం చేసేది సిలికాన్ సీలెంట్ (అతుకులు పూడ్చే జిగురు) తెచ్చి కనబడ్డ కంతనల్లా పూడ్చేయడం. దాంతో గాలి దారులు మూసుకుపోయి చెమ్మ లోపలే ఉండిపోతుంది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. లైటు పూర్తిగా ఆరాక అన్నీ బిగించి, పైనుంచి మామూలు ధారతో కాసేపు నీళ్లు పోయండి. ప్రెషర్ వాషర్ వాడొద్దు, దాని ధాటికి మంచి అతుకులోనూ నీరు దూరొచ్చు. లోపల మొదటి చుక్క ఎక్కడ కనిపించిందో అక్కడ బయట టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ అతుకు విప్పి, పాత సీలెంట్ తీసి, కొత్తది వేయడం నేర్చుకుందాం.