దివ్యసత్ప్రసాదం అందించే గృహస్థ సేవకులకు కొన్ని సూచనలు

మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా మేత్రాణులుగా (బిషప్‌గా) ఉన్న దియోనీసియుస్ తన లేఖ ఒకదానిలో సెరాపియోన్ అనే వృద్ధుని చివరి రాత్రిని గురించి రాశారు. క్రైస్తవులపై హింసల కాలంలో విశ్వాసం నుండి జారిపోయిన ఆ వృద్ధుడు మరణశయ్యపై నుండి, గురువును పిలుచుకు రమ్మని తన మనుమణ్ణి పంపాడు. అది రాత్రివేళ, పైగా గురువు కూడా జబ్బుపడి లేవలేని స్థితిలో ఉన్నారు. ఆయన సత్ప్రసాదంలో (పూజలో క్రీస్తు శరీరంగా ప్రతిష్ఠించిన అప్పంలో) చిన్న భాగాన్ని బాలుని చేతికిచ్చి, దానిని తడిపి తాతగారి నోటిలో వేయమని చెప్పి పంపారు. బాలుడు అలాగే చేశాడు. వృద్ధుడు దానిని మ్రింగి ప్రాణం విడిచాడు.

గృహస్థ సేవకుల, అంటే గురుపట్టం లేని సామాన్య విశ్వాసులైన సేవకుల, పని అంతా ఈ సంఘటనలో ఇమిడి ఉంది. గురువు రాలేకపోయారు, సత్ప్రసాదాన్ని ఆయనే అప్పగించారు, బాలుడు అప్పగించినదాన్ని చెప్పినట్లుగా చేర్చాడు. ఈ సేవను కొత్తగా చేపట్టేవారు తాము ఇచ్చేవారమని కాక, ఒకరి చేతి నుండి అందుకొని మరొకరికి అందించేవారమని తలచుకొని బయలుదేరితే, ఇక్కడ చెప్పబోయే నియమాలలో చాలా భాగం వాటంతట అవే బోధపడతాయి.

1983 నాటి కతోలిక తిరుసభ చట్ట సంహితలోని 910వ సూత్రం ప్రకారం సత్ప్రసాదాన్ని అందించే సాధారణ సేవకులు మేత్రాణులు, గురువులు, డీకన్లు (గురువుల తరువాతి స్థాయి అభిషిక్తులు). గృహస్థులు అసాధారణ సేవకులు. ఇక్కడ 'అసాధారణ' అన్నది గొప్పతనాన్ని తెలిపే మాట కాదు. సాధారణ సేవకులు లేనప్పుడు, వృద్ధాప్యం వల్లనో అనారోగ్యం వల్లనో వారు ఆ పని చేయలేనప్పుడు, లేదా స్వీకరించేవారి సంఖ్య చాలా ఎక్కువై పూజ మితిమీరి సాగిపోయేటప్పుడు లోటు తీర్చడానికి ఏర్పడిన సేవ ఇది. పునీత ఆరవ పౌలు పాపుగారి ఆమోదంతో 1973 జనవరి 29న వెలువడిన ఆదేశపత్రం దీనికి ప్రపంచవ్యాప్తంగా మార్గం తెరిచింది. అందువల్ల తగినంతమంది గురువులు ఉన్న రోజున, జాబితాలో మీ పేరు ఉన్నప్పటికీ, మీ చోటనే కూర్చుని ప్రార్థించుకోవడం సరైన పని. అందులో చిన్నతనమేమీ లేదు.

నియామకం, సిద్ధపాటు

ఈ సేవకు ఎవరికి వారుగా పూనుకోవడం ఉండదు. విచారణ (స్థానిక గుడి పరిధి) గురువు పేరు సూచిస్తారు, మేత్రాణులు లేదా వారి తరఫున అధికారం పొందినవారు నియమిస్తారు. ఆ నియామకం సాధారణంగా నిర్ణీత కాలానికే చెల్లుతుంది, కనుక గడువు ఎప్పుడు ముగుస్తుందో గుర్తుంచుకొని ముందుగానే గురువుతో మాట్లాడండి. వయస్సు, శిక్షణ మొదలైన షరతులు మేత్రాసనాన్ని (ఒక మేత్రాణుల పాలనలోని ప్రాంతాన్ని) బట్టి మారుతాయి. నిజంగా అవసరమైన సందర్భంలో గురువు ఒక్క పూజకు మాత్రమే తగిన వ్యక్తిని నియమించగలరు, కాని ఆ అనుమతి ఆ పూజతోనే ముగుస్తుంది.

సిద్ధపాటు అంటే ముందుగా మీ సొంత జీవితమే. పాపసంకీర్తనం చేసి (గురువు వద్ద పాపాలు ఒప్పుకొని), దైవవరప్రసాద స్థితిలో ఉండి, స్వీకరించడానికి ముందు కనీసం ఒక గంట ఉపవాసం పాటించి రావాలి (నీరు, మందులు ఉపవాసాన్ని భంగపరచవు). ఆ రోజు మీరు సత్ప్రసాదం స్వీకరించలేని స్థితిలో ఉన్నారని మీ మనస్సాక్షి చెబితే, కారణం వివరించనవసరం లేకుండా మరొకరిని ఏర్పాటు చేయమని కోరండి. ఏ గురువూ దీనిని తప్పుపట్టరు. దుస్తులు నిరాడంబరంగా ఉండాలి. చేతులు పూజకు ముందే బాగా కడుక్కోవాలి. ఘాటైన అత్తరు పూసుకోకండి, ఎందుకంటే మీ వేళ్ళ వాసన నేరుగా స్వీకరించేవారి నోటి వరకు వెళుతుంది. కనీసం పావుగంట ముందు చేరుకొని, ఎక్కడ నిలబడాలో, ఏ వరుస మీదో, పాత్రను తిరిగి ఎవరికి అప్పగించాలో తెలుసుకొని ఉంచుకోండి.

బలిపీఠం వద్ద

గురువు సత్ప్రసాదం స్వీకరించే వరకు అసాధారణ సేవకులు బలిపీఠాన్ని సమీపించకూడదు. ఆయన స్వీకరించిన తరువాత వెళ్ళి, ముందు మీరు స్వీకరించి, అటుపై పాత్రను ఆయన చేతి నుండే అందుకోవాలి. పీఠం మీద ఉన్న పాత్రను మీరే తీసుకొని బయలుదేరడం, సమయం కలిసివస్తుందనిపించినా, సరికాదు. తిరుసభ కోరుతున్నది ఈ చేతి మార్పిడినే. సామాన్య విశ్వాసులు కూడా సత్ప్రసాదాన్ని పాత్ర నుండి తమంతట తాము తీసుకోకూడదనీ, ఒకరి నుండి ఒకరికి చేతులు మార్చుకోకూడదనీ ఉన్న నియమం ఇదే కారణం మీద నిలబడింది.

పాత్రను ఎడమ చేతితో ఛాతీ ఎత్తున పట్టుకోండి. సత్ప్రసాదాన్ని ఒక్కటిగా తీసి, పాత్రకు కొద్దిగా పైకి ఎత్తి, ఎదుటి వ్యక్తిని చూసి, "క్రీస్తు శరీరము" అని స్పష్టంగా పలికి, "ఆమెన్" అనే జవాబు కోసం ఆగండి. ఆ తరువాతనే ఇవ్వండి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఈ ఆగడంలోనే. వరుస పొడవుగా కనిపించగానే మాట, చేయి రెండూ ఒకేసారి కదిలిపోతాయి, "ఆమెన్" అనే విశ్వాసప్రకటనకు చోటు లేకుండా పోతుంది. ఒక్కొక్కరికి పట్టే ఆ రెండు మూడు క్షణాలను మిగుల్చుకోవాలని చూడకండి. పేరు పెట్టి పిలవడం, చిరుపలకరింపు చేర్చడం, మాటలను మార్చడం వద్దు.

చేతిలో స్వీకరించేవారికి అరచేతి నడుమ ఉంచాలి, పై నుండి జారవిడవకూడదు. నాలుక మీద స్వీకరించాలా, చేతిలో స్వీకరించాలా అన్నది, చేతిలో ఇవ్వడానికి అనుమతి ఉన్న చోట, స్వీకరించేవారి ఇష్టం. నాలుక మీద స్వీకరించే హక్కు ఎక్కడైనా అందరికీ ఉంది, మోకరించినంత మాత్రాన ఎవరికీ నిరాకరించకూడదు. నాలుక మీద ఉంచేటప్పుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు సత్ప్రసాదపు అంచును మాత్రమే పట్టుకొని ఉండాలి. వ్రేలు నాలుకకు తగలకుండా ఉండాలంటే కాస్త ముందు భాగంలో ఉంచి వెంటనే వెనక్కు తీసుకోవాలి. దీనిని ఇంట్లో అభ్యాసం చేసుకోవాలనుకుంటే ప్రతిష్ఠించని అప్పంతో చేయండి.

ద్రాక్షారస పాత్రను అందించే బాధ్యత వస్తే "క్రీస్తు రక్తము" అని పలికి పాత్రను అందించి, ప్రతి ఒక్కరి తరువాత అంచును శుభ్రమైన గుడ్డతో లోపల, బయట తుడిచి, పాత్రను కొద్దిగా తిప్పి తరువాతివారికి ఇవ్వండి. చేతిలోకి తీసుకున్న సత్ప్రసాదాన్ని తామే పాత్రలో ముంచుకోవడానికి ఎవరినీ అనుమతించకూడదు.

గ్లూటెన్ (గోధుమలో ఉండే ఒక ప్రోటీన్) పడనివారు ప్రతి విచారణలోనూ ఉండవచ్చు. తక్కువ గ్లూటెన్ ఉన్న గోధుమ అప్పాన్ని తిరుసభ అంగీకరిస్తుంది, గ్లూటెన్ బొత్తిగా లేనిదాన్ని అంగీకరించదు. తక్కువ గ్లూటెన్ ఉన్న సత్ప్రసాదాన్ని వేరే చిన్న పాత్రలో ఉంచాలి, మామూలు సత్ప్రసాదాన్ని తాకిన వేళ్ళతో దానిని ముట్టుకోకూడదు. అదీ పడనివారు ద్రాక్షారస రూపంలో మాత్రమే స్వీకరించవచ్చు. ఏ ఒక్క రూపంలోనైనా క్రీస్తు సంపూర్ణంగా ఉన్నారన్నది తిరుసభ విశ్వాసం కనుక వారికి తక్కువైనది ఏమీ లేదు.

ఎంత జాగ్రత్తపడినా సత్ప్రసాదం కొన్నిసార్లు క్రింద పడుతుంది. అప్పుడు కంగారుపడకుండా, ఎదుటివారిని ఇబ్బందిపెట్టకుండా, వెంటనే భక్తితో తీసి మీరే స్వీకరించండి లేదా విడిగా ఉంచి గురువుకు అప్పగించండి. ద్రాక్షారసం ఒలికితే ఆ చోటును ఎవరూ తొక్కకుండా చూసి, నీటితో కడిగి, ఆ నీటిని సాక్రిస్టీలో (గుడిలో పూజాసామగ్రి ఉంచే గదిలో) దానికోసమే ఉన్న తొట్టిలో పోయాలి. ఆ తొట్టి గొట్టం మురుగు కాలువలోకి కాక నేరుగా మట్టిలోకి వెళుతుంది. ఎవరైనా సత్ప్రసాదాన్ని స్వీకరించకుండా చేతిలో పట్టుకొని వెళ్ళిపోతూ ఉంటే, ప్రక్కకు వెళ్ళి మెల్లగా "ఇక్కడే స్వీకరించండి" అని కోరండి. చాలాసార్లు అది తెలియకపోవడమే, దురుద్దేశం కాదు.

వరుసలో వచ్చిన వ్యక్తి జీవితం గురించి మీకు ఏదో తెలిసి ఉండవచ్చు. ఆ క్షణంలో తీర్పు చెప్పే అధికారం మీకు లేదు. బాధ ఉంటే తరువాత ఏకాంతంగా గురువుకు చెప్పండి. చేతులు కట్టుకొని దీవెన కోసం వచ్చే పిల్లల విషయంలో ఏమి చేయాలో కూడా ముందే ఆయనను అడిగి తెలుసుకోండి, ఎందుకంటే పూజలో దీవెన ఇవ్వడం గురువుల పని.

పంచడం ముగిశాక పాత్రను పీఠానికి తిరిగి చేర్చండి. యెరూషలేము మేత్రాణులు పునీత సిరిల్ పేర వచ్చిన నాలుగవ శతాబ్దపు ఉపదేశాలలో, బంగారు రజను చేతిలో ఉంటే ఎంత పదిలంగా పట్టుకుంటామో, సత్ప్రసాదపు తునకల విషయంలో అంతకు మించి జాగ్రత్తపడాలన్న బోధ ఉంది. కనుక వేళ్ళకు అంటిన తునకలను పాత్రలోనే రాల్చి, అందుకోసం ఉంచిన చిన్న గిన్నెలో వేళ్ళు కడుక్కోండి. పాత్రల శుద్ధి మాత్రం గురువు, డీకన్, లేదా విధిపూర్వకంగా నియమితులైన అకోలైట్ (పీఠ సేవకుడు) చేయవలసినది.

రోగుల ఇళ్ళకు

నా దృష్టిలో ఈ సేవకు అసలు ప్రాణం ఇక్కడ ఉంది. గుడిలో మీరు లేకపోతే పూజ కొంత ఆలస్యమవుతుంది. మంచం పట్టినవారి ఇంటికి మీరు వెళ్ళకపోతే ఆ వారం వారికి సత్ప్రసాదమే ఉండదు.

వెళ్ళే ముందు ఫోన్ చేసి, రోగి మెలకువగా ఉండే వేళను, మ్రింగగల స్థితిని, ఇంట్లో ఇంకా ఎవరు స్వీకరిస్తారో కనుక్కొని, లెక్క ప్రకారమే సత్ప్రసాదాలను పిక్స్ అనే చిన్న మూత పెట్టెలో తీసుకోండి. దానిని సంచిలో ఉంచి మెడలో వేసుకోవడం మంచిది. గుడి నుండి తిన్నగా ఆ ఇంటికే వెళ్ళాలి. దారిలో వేరే పనులు చూసుకోవడం, దానిని వాహనంలో వదిలి వెళ్ళడం, రాత్రికి ఇంట్లో ఉంచుకోవడం ఏమాత్రం తగదు. ఆత్మీయ సేవావసరం ఉంటే తప్ప, సత్ప్రసాదాన్ని తమ వద్ద ఉంచుకోవడాన్ని, వెంట తిప్పడాన్ని 935వ సూత్రం అనుమతించదు.

ఇంటివారిని మంచం ప్రక్కన చిన్న బల్ల మీద శుభ్రమైన తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి, ఒక గ్లాసు నీళ్ళు, చెంచా సిద్ధం చేయమనండి. టీవీ ఆపమని అడగడానికి మొహమాటపడవద్దు. క్రమం చిన్నదే: శాంతి వందనం, పశ్చాత్తాప ప్రార్థన, సువిశేషం నుండి కొన్ని వాక్యాలు, పరలోక జపం, "ఇదిగో దేవుని గొఱ్ఱెపిల్ల" అని చూపడం, సత్ప్రసాదం, కొంతసేపు మౌనం, ముగింపు ప్రార్థన. చివరి దీవెన సమయంలో గృహస్థ సేవకులు రోగి మీద సిలువ గుర్తు వేయరు. "ప్రభువు మనలను దీవించునుగాక" అనే భావంతో ప్రార్థిస్తూ తమ మీదే వేసుకుంటారు. మౌనాన్ని మాత్రం తగ్గించకండి. వారమంతా ఒంటరిగా ఉన్న మనిషికి, ఎవరో ప్రక్కన కూర్చుని తనతో కలిసి మౌనంగా ప్రార్థించడం గొప్ప ఊరట.

సరిగా మ్రింగలేనివారికి చిన్న తునక సరిపోతుంది. దానిని చెంచాడు నీటితో ఇచ్చి, మ్రింగారని రూఢి చేసుకున్నాకే లేవండి. ఆసుపత్రిలో నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదన్న సూచన ఉందేమో నర్సును ముందే అడగాలి. సత్ప్రసాదం నోటి నుండి బయటకు వచ్చేస్తే శుభ్రమైన గుడ్డలో తీసుకొని, తరువాత నీటిలో పూర్తిగా కరిగించి ఆ తొట్టిలోనే పోయాలి. వృద్ధులకూ రోగులకూ, వారిని కనిపెట్టుకొని ఉండేవారికీ గంట ఉపవాసపు నియమం వర్తించదు. ఇప్పుడే తిన్నామని వారు వెనుకాడితే ఈ సంగతి చెప్పండి. జ్ఞాపకశక్తి కోల్పోయినవారి విషయంలో తొందరపడి కాదనకండి. పరలోక జపం మొదలుపెట్టగానే వారి పెదవులు కదలడం మీరే చూస్తారు. అనుమానం ఉంటే గురువు మాట ప్రకారం నడవండి. ఇంట్లో కతోలికులు కానివారు ఉంటే, వారిని ప్రార్థనలో ఆదరంగా కలుపుకోండి, సత్ప్రసాదం మాత్రం ఇవ్వకండి.

మరణాపాయంలో ఉన్నవారికి ఇచ్చే సత్ప్రసాదం చివరి ప్రయాణానికి పాథేయం. దానిని ఇచ్చాక, క్రీస్తు ప్రభువు వారిని కాపాడి నిత్యజీవానికి నడిపించాలన్న ప్రార్థనను చేర్చాలి. పాపసంకీర్తనం వినడం, రోగులకు అభ్యంగనం (పవిత్ర తైలం పూసే సంస్కారం) ఇవ్వడం మీ పని కాదు కనుక, పరిస్థితి విషమిస్తోందని తెలియగానే ముందు గురువుకు కబురు చేయండి. పవిత్ర శుక్రవారం నాడు రోగులకు ఏ వేళనైనా సత్ప్రసాదం తీసుకువెళ్ళవచ్చు. పవిత్ర శనివారం నాడు మాత్రం మరణాపాయంలో ఉన్నవారికి తప్ప మరెవరికీ ఇవ్వరాదు, కనుక ఆ రెండు రోజుల సందర్శనల పట్టికను ముందే సరిచూసుకోండి.

ఆ ఇళ్ళలో మీరు చూసినదీ విన్నదీ బయట మాట్లాడకండి. సత్ప్రసాదం మిగిలితే తిరిగి గుడికి తీసుకువెళ్ళి మందసంలో (సత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టెలో) చేర్చండి, లేదా చివరి ఇంట్లో మీరే భక్తితో స్వీకరించండి. పిక్స్‌లోని తునకల విషయంలో మీ విచారణలో నేర్పిన పద్ధతిని పాటించండి. ఆ తరువాత, ఎవరు పాపసంకీర్తనం కోరారో, ఎవరు ఆసుపత్రికి మారారో, ఎవరి తలుపు తెరుచుకోలేదో ఆ రోజే విచారణ గురువుకు చెప్పండి. మరుసటి వారం ఎవరి ఇంటికి మీరు వెళ్ళాలో, ఎవరి ఇంటికి ఆయన స్వయంగా వెళ్ళాలో నిర్ణయించుకోవడానికి ఆయనకు ఆ సమాచారమే ఆధారం.