తక్కువ ఖర్చుతో హైదరాబాద్ మ్యూజియంలు, తోటలు, చిత్రశాలలు చూడడం ఎలా

హైదరాబాద్‌లో చాలా మ్యూజియంల ప్రవేశ రుసుము కన్నా అక్కడికి చేరుకోవడానికి ఇచ్చే ఆటో కిరాయే ఎక్కువవుతుంది. కాబట్టి ఖర్చు తగ్గించుకోదలచిన కుటుంబం ముందుగా తెలుసుకోవలసినవి రెండు సంగతులు: ఏ ప్రదేశానికి ఏది నడక దూరంలో ఉన్నది, ఏది ఏ వారం మూసి ఉంటుంది. ఈ రెండూ చూసుకొని రోజుకొక పేటను ఎంచుకొని, బస్సులోనో మెట్రోలోనో వెళ్లి, మధ్యాహ్న భోజనం ఇంటి నుంచే కట్టుకొని వెళితే, నలుగురున్న కుటుంబం కూడా సినిమాకు అయ్యే ఖర్చు కన్నా తక్కువలో ఒక పూర్తి రోజు గడపవచ్చు.

శుక్రవారం సాలార్ జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూసి ఉంటాయి. జూ పార్కుకు సోమవారం సెలవు. ఆదివారం అన్నీ తెరిచి ఉన్నా రద్దీ వల్ల ఏదీ నిలబడి చూడలేరు. బడి సెలవుల్లో వచ్చే మామూలు పనిదినం పిల్లలతో వెళ్లడానికి అన్నిటికన్నా అనుకూలం. ప్రయాణానికి వస్తే, తెలంగాణ వాసులైన మహిళలకు 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. గుర్తింపు కార్డు మాత్రం వెంట ఉండాలి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెట్రో మార్గం లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, ఎంజీబీఎస్ స్టేషన్ల మీదుగా వెళుతుంది గనుక ఇక్కడ చెప్పబోయే చోట్లలో సగానికి పైగా దాని దారిలోనే పడతాయి.

ఒక్క రోజే వీలుచిక్కేవారు సాలార్ జంగ్ మ్యూజియానికే వెళ్లాలని నా అభిప్రాయం. నిజాం దివానుగా పనిచేసిన మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో మరణించిన తరువాత, ఆయన కుటుంబం తరతరాలుగా సేకరించిన వస్తువులను 1951లో వారి నివాసమైన దివాన్ దేవిడీలో ప్రజలకు చూపడం మొదలుపెట్టారు. మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి అవి 1968లో వచ్చాయి. అక్కడున్న గదులన్నీ ఒక్క పూటలో తిరగాలనుకుంటే కాళ్లు నొప్పి పెట్టడమే మిగులుతుంది. ఉదయం పది గంటలకు తెరవగానే లోపలికి వెళ్లి, గంటల గడియారాన్ని కేంద్రంగా పెట్టుకొని తక్కిన గదులను చూడడం మంచి పద్ధతి. గంట గంటకూ గడియారంలోంచి ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కొడుతుంది కాబట్టి పిల్లలు ఆ సమయానికే చూడాలి, అయితే పావుగంట ముందే వెళ్లి ముందు వరుసలో చోటు చూసుకోవాలి. ఈలోగా ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘వెయిల్డ్ రెబెక్కా’ దగ్గర తీరికగా నిలబడండి. ముఖం మీది పలుచని మేలిముసుగు, దాని కింద కనిపించే కనుముక్కు తీరు అన్నీ ఒకే పాలరాతివి. ఎదురుగా కన్నా కాస్త పక్కకు జరిగి చూసినప్పుడు ఆ పనితనం మరింత బాగా తెలుస్తుంది. ఒకే చెక్కలో ముందువైపు, గేథే ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్‌నూ, వెనుకవైపు అందులోని యువతి మార్గరెట్టానూ చెక్కిన బొమ్మను వెనుక పెట్టిన అద్దంలో చూడాలి. జహంగీరు బాకు, నూర్జహాను పండ్ల చాకు ఉన్న పచ్చరాతి (జేడ్) వస్తువుల గదిని చాలామంది తొందరలో దాటిపోతారు. దానికి అరగంట కేటాయించినా వృథా కాదు.

బయటికి వచ్చాక నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాదాపు నూట యాభై మంది దీని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. దీనిని చూడడానికి టికెట్టు లేదు. ఈ నగర చరిత్రను పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తోచదు. ఆసుపత్రి కాబట్టి నిశ్శబ్దంగా చూసి రావాలి.

రెండవ రోజుకు నాంపల్లి. పబ్లిక్ గార్డెన్స్‌లోకి ప్రవేశం ఉచితం, అందులోనే రాష్ట్ర మ్యూజియం ఉన్నది. ఈజిప్టు మమ్మీ కోసమే ఎక్కువ మంది వస్తారు కానీ, బౌద్ధ శిల్పాలనూ, కంచు విగ్రహాలనూ, అజంతా కుడ్యచిత్రాల నకళ్లనూ చూడకుండా రావద్దు. తోటలో చెట్ల కింద భోజనం చేసి, కొంత విశ్రమించి, సాయంత్రానికి నౌబత్ పహాడ్ అనే కొండ ఎక్కవచ్చు. అక్కడ 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించిన బిర్లా ప్లానెటోరియం, దాని పక్కనే సైన్సు మ్యూజియం ఉన్నాయి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి వద్ద తవ్వి తీసిన ఎముకలతో నిలబెట్టిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఆ మ్యూజియంలో ఉన్నది. మన గోదావరి లోయలో తిరిగిన జంతువు అని చెబితే పిల్లలు దాని ముందు నుంచి కదలరు. కొండ మీది పాలరాతి వేంకటేశ్వరాలయానికి రుసుము లేదు, అయితే ఫోన్లను లోపలికి అనుమతించరు.

చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవారు మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరిగే ప్రదర్శనలకు వెళ్లాలి. ప్రదర్శన మొదటి రోజు వెళితే తరచుగా చిత్రకారులే అక్కడ ఉంటారు; ఏ రంగులు వాడారు, ఎందుకలా వేశారు అని అడగడానికి సంకోచించవద్దు. ఏమీ కొనకుండా వచ్చినా ఎవరూ తప్పుగా అనుకోరు. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో 2010 నుంచి నాటకాలు, సంగీతం, ఉపన్యాసాలు జరుగుతున్నాయి. చాలా వాటికి రుసుము ఉండదు, ఉన్నా కొద్దిగానే ఉంటుంది. అక్కడి చాయ్, ఫలహారం కూడా అందుబాటు ధరల్లోనే దొరుకుతాయి.

శుక్రవారం తప్ప వేరే రోజు వీలుకాని వారికి గోల్కొండ కోట ఉన్నది. పురావస్తు శాఖ నిర్వహణలో ఉన్నందువల్ల పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్టు అవసరం లేదు. ఎండ ముదరక ముందే కోట శిఖరాన ఉన్న బాలాహిసార్ దాకా ఎక్కి దిగాలి. మెట్లు ఎక్కువ, పైన నీడ తక్కువ గనుక నీళ్ల సీసాలు ఒకటికి రెండు పెట్టుకోండి.