హైస్కూల్ పిల్లలు యాక్టివిటీలు ఎంచుకునేటప్పుడు ఎలా సాయం చేయాలి?

అమెరికాలో స్కూళ్లు తెరిచిన కొత్తలోనే క్లబ్బుల హడావుడి మొదలవుతుంది. మా అమ్మాయి తొమ్మిదో గ్రేడ్‌లో చేరిన నెలలో పదకొండు కాగితాలు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. రోబోటిక్స్, డిబేట్, డెకా (బిజినెస్ క్లబ్), కీ క్లబ్ (సేవా కార్యక్రమాలది), ఇంకా ఏవేవో. వాటిలో సగం స్నేహితురాళ్లు చేరుతున్నారని తెచ్చింది, మిగతా సగం నేను వాట్సాప్ గ్రూపుల్లో చదివి చెప్పానని. తనకు కావాలనిపించి తెచ్చింది ఒక్కటీ లేదు. అప్పటి నుంచి మేం నేర్చుకున్న పద్ధతి ఇది.

1. ముందు గమనించండి

"నీకేమిష్టం?" అని అడిగితే ఈ వయసు పిల్లలు "ఏమో" అంటారు. అడగడం మానేసి కొన్నాళ్లు చూడండి. మా అమ్మాయి శనివారం పొద్దున్నే గ్యారేజీలో సైకిల్ చైన్ ఊడదీసి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో లింకూ తోముతూ కూర్చునేది. గోళ్లలో నల్లటి గ్రీజు పోవడం లేదని నేను కోప్పడేదాన్ని. నేను వెతుకుతున్న జవాబు ఆ చేతుల్లోనే ఉందని తెలుసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

2. వారంలో మిగిలే గంటలు లెక్కేయించండి

స్కూలు, హోంవర్కు, కనీసం ఎనిమిది గంటల నిద్ర తీసేశాక ఎంత మిగులుతుందో పిల్లల చేతే రాయించండి. కూచిపూడి క్లాసుకు పోనూ రానూ పట్టే సమయం కూడా లెక్కలోకి రావాలి.

3. కాలేజీ అప్లికేషన్‌లో ఏముంటుందో ఇప్పుడే చూడండి

చాలా కాలేజీలు తీసుకునే ఉమ్మడి అప్లికేషన్ అయిన కామన్ యాప్‌లో పది యాక్టివిటీలకు చోటుంది కాబట్టి పదీ నింపాలని మనవాళ్లకు టెన్షన్. నింపనక్కర్లేదు. ఎంఐటీ అయితే తన అప్లికేషన్‌లో నాలుగే అడుగుతుంది. కామన్ యాప్‌లో ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే ఇస్తారు. దాంతో పాటు వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, ఏయే గ్రేడ్‌లలో చేశారని అడుగుతారు. ఏదైనా క్లబ్ గురించి ఆ 150 అక్షరాల్లో "మెంబర్‌ని" అని తప్ప రాయడానికి ఏమీ ఉండదనిపిస్తే, అందులో చేరకపోయినా నష్టం లేదు.

అదే జాబితాలో ఇంటి బాధ్యతలకు, జీతానికి చేసే పనికి కూడా విడిగా చోటుంది. నానమ్మకు వేళకు మందులివ్వడం, తమ్ముణ్ణి స్కూలు నుంచి తీసుకురావడం, సాయంత్రాలు దుకాణంలో పనిచేయడం, అన్నీ రాయదగ్గవే. మన ఇళ్లలో ఎందరో పిల్లలు ఇవి చేస్తూ కూడా "నేనేం చేయట్లేదు" అనుకుంటారు. నాకు చాలా బాధేస్తుంది. ఇవీ రాయదగ్గవేనని వాళ్లకు మీరే చెప్పండి.

4. ఉన్నవాటిని తొందరపడి మాన్పించకండి

చిన్నప్పటి నుంచి నేర్చుకుంటున్న మనబడి తెలుగునో, సంగీతాన్నో హైస్కూల్లోకి రాగానే ఆపేస్తారు చాలామంది. అన్నేళ్ల సాధన కొత్త క్లబ్‌లో ఎక్కడ దొరుకుతుంది? రెండు భాషలు బాగా వచ్చిన పిల్లలకు కాలిఫోర్నియా 2011లో చట్టం చేసి "సీల్ ఆఫ్ బైలిటరసీ" గుర్తింపు తెచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మీ స్కూల్లో తెలుగుకు ఇస్తారేమో కౌన్సెలర్‌ను అడగండి.

5. రెండు మూడు యాక్టివిటీలు మొదలుపెట్టి, డిసెంబర్ దాకా ఆగండి

అప్పుడు మళ్లీ మాట్లాడుకోండి, వీలైతే కారులో. ఎదురుగా కూర్చోబెడితే నోరు విప్పని పిల్లలు పక్క సీట్లో కూర్చుంటే చెబుతారు. మానేస్తానంటే వినండి. టీమ్‌లో ఉంటే మాత్రం ఆ సీజన్ పూర్తి చేయాలి, వీళ్ల మీద ఆధారపడ్డ పిల్లలు ఉంటారు కదా. మానేస్తున్నామని కోచ్‌కు చెప్పాల్సింది కూడా పిల్లలే.

మా అమ్మాయి డిబేట్ వదిలేసింది, ఈమెయిల్ తనే రాసింది. ఇప్పుడు మా వీధి పిల్లల సైకిళ్లు బాగుచేస్తోంది. ఏ రోజు ఎన్ని గంటలు పట్టిందో గ్యారేజీ గోడ మీది క్యాలెండర్‌లో రాస్తుంది. మీ పిల్లల చేతా ఇప్పటి నుంచే తేదీలు, గంటలు రాయించండి, పన్నెండో గ్రేడ్‌లో అప్లికేషన్ నింపే వేళకు గుర్తుకు రావు.